ఎఫ్‌డీ బ్రేక్ చేయమని వచ్చిన పెద్దవాళ్లను ఒక్క మాట అడగండి

హైదరాబాద్‌లోని బ్యాంకు బ్రాంచి మేనేజర్లకు, కౌంటర్లలో కూర్చునే ఆఫీసర్లకు, క్లర్కులకు, గుమ్మం దగ్గర నిలబడే సెక్యూరిటీ గార్డులకు నమస్కారం.

నేను 34 ఏళ్లు బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. మల్కాజిగిరిలో ఉంటాను. చేత్తో లెడ్జర్లు రాసిన రోజులు చూశాను. కంప్యూటర్లు వచ్చాక బ్యాలెన్సు కలవక రాత్రి పదింటిదాకా కూర్చున్న రోజులూ చూశాను. కాబట్టి మీ కష్టం తెలియక రాస్తున్న ఉత్తరం కాదు ఇది. మా అక్కకు జరిగింది మీకు చెప్పాలి. చెప్పి, ఒక పని చేసిపెట్టమని అడగాలి.

అక్కకు 71 ఏళ్లు. గవర్నమెంటు స్కూల్లో లెక్కల టీచరుగా చేసింది. బావగారు పోయి ఆరేళ్లయింది. విద్యానగర్‌లో ఫ్లాట్‌లో ఒక్కతే ఉంటుంది. కొడుకు డాలస్‌లో, కూతురు బెంగళూరులో. ఇలాంటి ఇళ్లు మన ఊళ్లో ఎన్ని ఉన్నాయో నాకంటే మీకే బాగా తెలుసు. లైఫ్ సర్టిఫికెట్ల రోజుల్లో మీ హాల్లో కర్ర పట్టుకుని కూర్చునేవాళ్లలో సగం మంది ఇంటికెళితే తలుపు తాళం వాళ్లే తీసుకోవాలి.

గత ఏడాది ఆషాఢంలో ఒక శనివారం పొద్దున అక్కకు ఫోన్ వచ్చింది. ముందు రికార్డు చేసిన గొంతు. ట్రాయ్ (టెలికాం నియంత్రణ సంస్థ) నుంచి మాట్లాడుతున్నాం, రెండు గంటల్లో మీ నంబరు కట్ అవుతుంది, వివరాలకు 9 నొక్కండి అని. నొక్కింది. ఎవరో చాలా మర్యాదగా ఇంగ్లీషులో మాట్లాడాడు. మీ ఆధార్ మీద ముంబైలో ఇంకో సిమ్ తీశారు, దాని మీద కేసులున్నాయి, పోలీసులకు కలుపుతున్నాను అన్నాడు. ఆ తర్వాత వాట్సాప్‌లో వీడియో కాల్. యూనిఫాం వేసుకున్న మనిషి, వెనక గోడకు పోలీసు చిహ్నం, పక్కన జెండా. మనీ లాండరింగ్ కేసులో మీ పేరుందని చెప్పి, సుప్రీంకోర్టు ముద్ర ఉన్న కాగితం పంపాడు. దాని మీద అక్క పేరు, ఇంటి అడ్రసు, ఆధార్ నంబరు అన్నీ కరెక్టుగా ఉన్నాయి. "మిమ్మల్ని డిజిటల్ అరెస్ట్ చేశాం. కేసు తేలేదాకా కెమెరా ముందు నుంచి కదలకూడదు. ఎవరికైనా చెబితే వాళ్లనూ ముద్దాయిల్లో చేరుస్తాం. మీ అబ్బాయి పాస్‌పోర్టు రద్దవుతుంది" అన్నాడు.

ఆ చివరి మాటకు అక్క లొంగిపోయింది.

శనివారం నుంచి మంగళవారం దాకా ఆ ఇంట్లో ఏం జరిగిందో తర్వాత కొంచెం కొంచెంగా చెప్పింది. ఫోన్‌ను ఉప్పు డబ్బాకు ఆనించి పెట్టి పప్పు వండుకుందట. కుక్కర్ కూత వేస్తే అదేం చప్పుడని అడిగారట. బాత్రూముకు వెళ్లాలంటే పర్మిషన్. రాత్రి మంచం పక్కన కుర్చీ మీద ఫోన్ పెట్టి, చార్జర్ తగిలించి, లైటు ఆర్పకుండా పడుకుంది. ఆదివారం వాళ్ల వీధిలో బోనాలు. డప్పుల చప్పుడు దగ్గరికి వచ్చేసరికి ఫోన్‌లో వాడు "ఎవరొచ్చారు, తలుపు తీశావా" అని గద్దించాడు. పక్కింటావిడ గిన్నెలో పాయసం తెచ్చి తలుపు తడితే, సందులోంచి చెయ్యి మాత్రం బయటపెట్టి అందుకుంది. ఆ సాయంత్రం నేను ఫోన్ చేశాను. ఎత్తకపోతే అనుమానం వస్తుందని వాళ్లే ఎత్తమన్నారట, ఏం చెప్పాలో కూడా వాళ్లే చెప్పారట. "కొంచెం తలనొప్పిగా ఉందిరా, రేపు మాట్లాడతా" అంది. సరే అక్కా, పడుకో అని పెట్టేశాను. ఆ 'సరే' నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వడం లేదు.

మంగళవారం పదకొండున్నరకు అక్క బ్యాంకుకు వెళ్లింది. ఏ బ్యాంకో చెప్పను. అది ఆ ఒక్క బ్రాంచి తప్పు అనుకుంటే నేను ఈ ఉత్తరం మీ అందరికీ రాసేవాణ్ణి కాదు.

ఆమె హ్యాండ్‌బ్యాగు బయటి జేబులో ఫోన్ నిలబెట్టి ఉంది. వీడియో ఆన్‌లోనే ఉంది. టోకెన్ తీసుకుని కూర్చుంది. పిలిచాక, రెండు ఎఫ్‌డీలు రద్దు చేసి 18 లక్షలు ఆర్‌టీజీఎస్ చేయాలని, అంటే వేరే బ్యాంకు ఖాతాకు వెంటనే పంపాలని చెప్పింది. కౌంటర్‌లో ఉన్న అమ్మాయికి పాతికేళ్లుంటాయేమో. "మెచ్యూరిటీకి ఇంకా ఏడు నెలలే ఉంది మేడం, వడ్డీ తగ్గుతుంది, పర్లేదా?" అని అడిగింది. "పర్లేదమ్మా" అంది అక్క. ఆ అమ్మాయి ఫారం ఇచ్చింది, అక్క నింపింది. అకౌంట్ నంబరు తప్పుపోతుందేమోనని ఒక్కో అంకె మీద వేలు పెట్టి రెండుసార్లు సరిచూసుకుందట. డబ్బు రిజర్వ్ బ్యాంకుకు వెరిఫికేషన్ కోసం వెళుతుంది, మూడు రోజుల్లో తిరిగి వస్తుంది అని వాళ్లు చెప్పారు. ఫారం మీద పేరు మాత్రం ఎక్కడో వేరే రాష్ట్రంలోని ఏదో ట్రేడర్స్. రిజర్వ్ బ్యాంకుకు వెళ్లాల్సిన డబ్బు ట్రేడర్స్ ఖాతాకు ఎందుకు వెళుతుందని లెక్కల టీచరుకు తోచలేదు. భయం పట్టుకున్న మనిషికి చదువు అక్కరకు రాదు.

అక్క చేతులు వణుకుతుంటే ఆ అమ్మాయి మంచినీళ్లు తెప్పించిందట. మంచి పిల్ల. ఆ మాట నేను మనస్ఫూర్తిగా అంటున్నాను. 22 నిమిషాల్లో పని అయిపోయింది.

తర్వాత ఒకరోజు అక్క నాతో అన్న మాట మీరందరూ వినాలి. "ఎవరైనా అడిగితే కొడుక్కి ఫ్లాట్ కొంటున్నానని చెప్పమన్నారు తమ్ముడూ. ఆటోలో దారంతా ఆ అబద్ధం వల్లెవేసుకుంటూ వెళ్లాను. ఎవరూ అడగలేదు. ఆ పిల్ల ఇంకొక్కసారి నా మొహంలోకి చూసి, ఏమైందమ్మా అని ఉంటే అక్కడే ఏడ్చేసేదాన్ని."

ఆ అమ్మాయి ఎందుకు అడగలేదో నాకు తెలుసు. అడిగితే "నా డబ్బు, నా ఇష్టం, నీకెందుకు" అనే కస్టమర్లు ఉంటారు. పైకి కంప్లైంట్ రాస్తారు. వెనక ఇరవై టోకెన్లు ఎదురుచూస్తుంటాయి. మధ్యాహ్నం లోపు ఇన్ని ఇన్సూరెన్స్ పాలసీలు, ఇన్ని కొత్త ఖాతాలు అని రీజినల్ ఆఫీసు నుంచి మెసేజ్ వచ్చి ఉంటుంది. కస్టమర్ స్వయంగా వచ్చింది, సంతకం కలిసింది, కేవైసీ సరిగ్గా ఉంది. సిస్టమ్ ప్రకారం లోపం ఎక్కడా లేదు. నేనే ఆ కుర్చీలో ఉంటే నేనూ పాస్ చేసేవాణ్ణేమో. అలా అనుకున్నప్పుడల్లా టెన్షన్ పెరుగుతుంది.

మన బ్రాంచీల్లో గోడల మీద పోస్టర్లు ఉంటాయి. బ్యాంకు ఎప్పుడూ ఓటీపీ అడగదు, పిన్ ఎవరికీ చెప్పకండి అని. మంచివే. కరెంటు బిల్లు కట్టలేదు, ఈ రాత్రికి లైను కట్ అనే మెసేజ్‌లు, ట్రాఫిక్ చలానా పేరుతో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే (దొంగ యాప్) ఫైళ్లు, డబ్బు మీకు రావాలంటే యూపీఐ పిన్ కొట్టండి అనే ఫోన్లు, వీటన్నిటికీ ఆ పోస్టర్లు కొంత పనికొస్తాయి. కానీ మా అక్కను ఎవరూ ఓటీపీ అడగలేదు. పిన్ అడగలేదు. లింకు నొక్కమనలేదు. ఓటీపీ ఎవరికీ చెప్పకూడదని ఆమెకు బాగా తెలుసు, ఎవరికీ చెప్పలేదు కూడా. ఆమె తన కాళ్ల మీద నడిచి వచ్చి, తన చేత్తో సంతకం పెట్టి, మన కౌంటర్‌లో డబ్బు పంపించింది. అంటే ఈ మోసంలో దొంగకూ ముసలావిడ డబ్బుకూ మధ్య మిగిలిన ఒకే ఒక్క మనిషి మీరు. కొడుకు లేడు, తమ్ముడు లేడు, పోలీసు లేడు. మీరే.

ఇంకో సంగతి కూడా మీకు తెలిసిందే. ఖాతాదారుకు తెలియకుండా ఖాతాలోంచి ఎలక్ట్రానిక్‌గా డబ్బు పోతే, ఎప్పుడు ఫిర్యాదు చేస్తే ఎవరు ఎంత భరించాలో రిజర్వ్ బ్యాంకు 2017 జులైలోనే సర్క్యులర్ ఇచ్చింది. బ్యాంకు తప్పు, కస్టమర్ తప్పు రెండూ లేకుండా మధ్యలో ఎక్కడో లోపం జరిగితే, మూడు పనిదినాల్లో చెప్పినవాళ్లకు నష్టం ఉండదు. కానీ మనిషే భయపడి స్వయంగా పంపిన డబ్బుకు ఆ రక్షణ వర్తించదు. "మీరే పంపారు కదా" అంటారు. అందుకే పోయాక వెనక్కి తెచ్చుకోవడం అంత కష్టం. ఆపడానికి ఉన్న చోటు కౌంటర్ ఒక్కటే.

అక్క విషయం మాకు తెలిసింది శనివారం. ఇంకో ఆరు లక్షలు కట్టమని వాళ్లు అడిగితే అప్పు కోసం నాకు ఫోన్ చేసింది. ఎందుకక్కా అని గట్టిగా అడిగాను. అవతల చాలాసేపు మాట లేదు. తర్వాత ఒక్కసారిగా ఏడుపు. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేశాం. మన రాష్ట్రంలో ఆ ఫోన్లు తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో వాళ్లు తీసుకుంటారు. ఫోన్ ఎత్తిన అమ్మాయి ఓపికగా అన్నీ రాసుకుంది. ఆర్‌టీజీఎస్ చేస్తే అర్ధగంటలో అవతలి ఖాతాలో పడాలన్నది మన బ్యాంకుల రూలే. ఆ ట్రేడర్స్ ఖాతాలో పడ్డ డబ్బు అదే రోజు ముక్కలు ముక్కలై ఎన్నో ఖాతాల్లోకి, అక్కడి నుంచి ఇంకెన్నో ఖాతాల్లోకి వెళ్లిపోయింది. 18 లక్షల్లో లక్షా ముప్పై ఏడు వేలు మాత్రం హోల్డ్‌లో పెట్టగలిగారు. మంగళవారం మధ్యాహ్నమే ఫోన్ చేసి ఉంటే కథ వేరుగా ఉండేది. మొదటి గంటా రెండు గంటలే ముఖ్యం అని పోలీసులు మొత్తుకునేది ఇందుకే.

2024లో దేశం మొత్తం మీద సైబర్ మోసాల్లో జనం పోగొట్టుకున్నది 22,845 కోట్లు అని కేంద్ర హోం శాఖ పార్లమెంటుకు చెప్పింది. అంతకు ముందు ఏడాది అది 7,465 కోట్లు. ఒక్క ఏడాదిలో మూడింతలు. ఈ డబ్బంతా ఏదో ఒక బ్యాంకు ఖాతాలోంచి బయటికి వెళ్లింది, ఇంకో బ్యాంకు ఖాతాలో పడింది. దారి పొడవునా ఉన్నది మనమే.

ఇప్పుడు నేను అడిగే పని చెబుతాను.

అరవై దాటినవాళ్లు ఒంటరిగా వచ్చి, గడువు తీరని ఎఫ్‌డీ రద్దు చేసి, ఎప్పుడూ డబ్బు పంపని ఖాతాకు పెద్ద మొత్తం పంపమంటే, కంప్యూటర్ మీద చెయ్యి వేయకముందు ఒక్క నిమిషం ఆగండి. వాళ్ల మొహం చూడండి. కళ్లు మాటిమాటికీ బ్యాగు వైపు వెళుతున్నాయా? బ్యాగు జేబులో ఫోన్ నిలబెట్టి ఉందా, స్క్రీన్ వెలుగుతోందా? చెవిలో ఇయర్‌ఫోన్ ఉందా? అడిగిన దానికి వెంటనే జవాబు చెప్పకుండా ఏదో వింటున్నట్టు ఆగుతున్నారా? మా అక్క దగ్గర ఇవన్నీ ఉన్నాయి. 

గట్టిగా అడిగితే అవతలివాడు వింటాడు. "వాళ్లేదో అడుగుతున్నారు, బయటికి వచ్చెయ్, వేరే బ్రాంచికి వెళ్లు" అంటాడు. అందుకని నోటితో అడగవద్దు. ఒక చీటీ ఇవ్వండి. ఫారంతో పాటు, మామూలు కాగితం ఇచ్చినట్టే ఇవ్వండి. దాని మీద తెలుగులో పెద్ద అక్షరాలతో ఇంతే ఉండాలి: "అమ్మా, అయ్యా, ఇప్పుడు మీ ఫోన్‌లో ఎవరైనా వింటున్నారా? పోలీసులమనో, సీబీఐ అనో మిమ్మల్ని భయపెట్టారా? అవును అయితే ఇక్కడ టిక్ పెట్టండి. ఏమీ మాట్లాడకండి. మేము చూసుకుంటాం." కింద ఒక గడి. మాట రాని మనిషి టిక్ పెట్టగలదు. మా అక్కకు ఆ గడి కనిపించి ఉంటే పెట్టేదాన్నని నాతో చెప్పింది.

టిక్ పెడితే, "మేడం, లోపల మేనేజర్‌గారి దగ్గర ఒక సంతకం కావాలి, బ్యాగు ఇక్కడే పెట్టి రండి" అని లోపలికి తీసుకెళ్లండి. కుర్చీలో కూర్చోబెట్టండి. అప్పుడు చెప్పండి, తెలుగులో, నెమ్మదిగా. డిజిటల్ అరెస్ట్ అనేది మన చట్టంలో ఎక్కడా లేదమ్మా. ఆ మాట 2024 అక్టోబరు 27న ప్రధానమంత్రే రేడియోలో మన్ కీ బాత్‌లో చెప్పారు. పోలీసులు విచారణ నోటీసు వాట్సాప్‌లో పంపకూడదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. పొద్దుగూకాక ఆడమనిషిని అరెస్టు చేయాలంటే మహిళా అధికారి రావాలి, మెజిస్ట్రేటు అనుమతి ముందే ఉండాలి. ఏ కోర్టూ, ఏ పోలీసూ విచారణ కోసం మీ ఎఫ్‌డీ డబ్బు వేరేవాళ్ల ఖాతాలో వేయమని అడగదు. ఈ నాలుగు మాటలు చెప్పాక 1930కి మీరే కలిపి, ఫోన్ వాళ్ల చేతికివ్వండి. కొడుకుదో కూతురిదో నంబరు మీ దగ్గర ఉంటే, వాళ్లకూ చేయండి.

నమ్మకపోతే? భయపడ్డవాళ్లు ఒక పట్టాన నమ్మరు. అప్పుడు సర్వర్ డౌన్ అయిందని చెప్పండి. సాయంత్రం రమ్మనండి. ప్రాణం మీదికి, మానం మీదికి వచ్చినప్పుడు అబద్ధం ఆడవచ్చని మన పెద్దలు ఊరికే అనలేదు. ఆ రెండు మూడు గంటలు దొరికితే ఇంట్లోవాళ్లకు విషయం తెలిసిపోతుంది.

ఇది జరగని పని కాదు. మన ఊళ్లోనే జరిగింది. 2024 నవంబరులో ఏసీ గార్డ్స్‌లోని స్టేట్ బ్యాంకు బ్రాంచికి 61 ఏళ్ల పెద్దాయన ఒకరు ఎఫ్‌డీలు బ్రేక్ చేయించుకోవడానికి వచ్చారు. 13 లక్షల వ్యవహారం. కౌంటర్‌లోని ఉద్యోగిని ఎందుకని అడిగింది. ఆయన చెప్పిన కారణం కుదరలేదు. ఆయన మళ్లీ వచ్చినా వాళ్లు వదలలేదు, అడుగుతూనే ఉన్నారు. చివరికి 1930తో మాట్లాడించారు. డబ్బు నిలిచింది. ఆ వార్త చదివిన రోజు ఎంత సంతోషించానో. మా అక్క వెళ్లిన బ్రాంచిలో కూడా ఎవరైనా ఆ వార్త చదివి ఉంటారు. చదవడం వేరు, ఆ మంగళవారం పదకొండున్నరకు గుర్తుకు రావడం వేరు. చీటీ కౌంటర్ మీద ఉంటే గుర్తుపెట్టుకునే పని ఉండదు.

ఇంకో సదుపాయం మీ చేతిలోనే ఉంది, ఎవరూ వాడటం లేదు. ఆర్‌టీజీఎస్, నెఫ్ట్ చేసేటప్పుడు అకౌంట్ నంబరు కొడితే ఆ ఖాతా ఎవరి పేరు మీద ఉందో చూపించే ఏర్పాటు 2025 ఏప్రిల్ 1 నాటికి అన్ని బ్యాంకులూ పెట్టాలని రిజర్వ్ బ్యాంకు ఆదేశించింది. బ్రాంచికి వచ్చేవాళ్లకు కూడా. ఆ పేరు వేలు పెట్టి చూపించండి. ఫోన్‌లో ఎవరూ వింటున్నట్టు లేకపోతే పైకి చదివి అడగండి. "అమ్మా, ఈ డబ్బు ఫలానా ట్రేడర్స్‌కు వెళుతోంది, వీళ్లు మీకు ఎలా తెలుసు?" ఒక్కోసారి ఆ ఒక్క ప్రశ్నకే మబ్బు విడిపోతుంది.

అవతలి వైపు కూడా మన వాళ్లే ఉన్నారని మరచిపోవద్దు. ఆ ట్రేడర్స్ ఖాతా ఏదో ఒక బ్రాంచిలో ఎవరో ఒక ఆఫీసరు తెరిచిందే. షాపు ఉందో లేదో వెళ్లి చూశారా? నిన్నటిదాకా వేలు కూడా తిరగని ఖాతాలో ఒకే రోజు లక్షలు పడి, గంటలో ఖాళీ అయిపోతుంటే ఎవరికీ అనుమానం రాలేదా? మ్యూల్ ఖాతాలు అంటున్నారు కదా, మన భాషలో అద్దె ఖాతాలు. నెలకు ఇంత ఇస్తామంటే పాస్‌బుక్, ఏటీఎం కార్డు, సిమ్ కలిపి ఇచ్చేసే కుర్రాళ్లు మన ఊళ్లోనూ ఉన్నారు. వాళ్లలో చాలామందికి అది నేరమని కూడా తెలియదు. ఖాతా తెరిచే రోజే ఎదురుగా కూర్చోబెట్టి చెప్పండి, ఇది ఎవరికైనా ఇస్తే జైలుకు వెళ్లేది నువ్వే బాబూ అని. టార్గెట్ కోసం కళ్లు మూసుకుని కరెంటు ఖాతాలు తెరిచే పద్ధతి ఆపండి. 2025 డిసెంబరు 1న సుప్రీంకోర్టు డిజిటల్ అరెస్ట్ కేసుల దర్యాప్తును సీబీఐకి అప్పగిస్తూ, ఇలాంటి ఖాతాలు తెరవడంలో బ్యాంకు అధికారుల పాత్ర ఉంటే దాన్నీ చూడమంది. అంతదాకా ఎందుకు తెచ్చుకోవాలి?

ఇంకొక్కటి, చిన్నదిగా కనిపిస్తుంది కానీ నాకు పెద్దదే. పాలసీ అమ్మడానికో, రీ-కేవైసీ గుర్తు చేయడానికో మీ సొంత మొబైల్ నుంచి పెద్దవాళ్లకు ఫోన్ చేయకండి. బ్యాంకు సర్వీసు కాల్స్ 1600తో మొదలయ్యే నంబర్ల నుంచి, ప్రచారం కాల్స్ 140తో మొదలయ్యే నంబర్ల నుంచి చేయాలని రిజర్వ్ బ్యాంకు 2025 జనవరిలో చెప్పింది. ఏ పది అంకెల నంబరు నుంచి వచ్చినా "బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాం మేడం" అనగానే నమ్మే అలవాటు వాళ్లకు చేసింది మనమే. నేనూ చేశాను, సర్వీసులో ఉండగా, నెలాఖరు టార్గెట్ల కోసం. ఆ అలవాటు మీదే దొంగలు బతుకుతున్నారు.

మేనేజర్లకు ప్రత్యేకంగా ఒక మాట. కౌంటర్‌లో పిల్ల ఒక పెద్దావిడ కోసం ఇరవై నిమిషాలు ఆగిపోతే, వెనక క్యూ అరిస్తే, మీరు బయటికి వచ్చి ఆ పిల్ల పక్కన నిలబడండి. కస్టమర్ కంప్లైంట్ రాస్తే దానికి జవాబు మీరు రాయండి. మీరు వెనక ఉన్నారనే ధైర్యం ఉంటే వాళ్లు తప్పకుండా అడుగుతారు. ఇంటర్వ్యూలో అడిగితే ప్రజాసేవ అని చెప్పి ఉద్యోగంలో చేరిన పిల్లలే వాళ్లంతా.

అక్క ఇప్పుడు ఎలా ఉందని మీరు అడగకపోయినా చెబుతాను. మూడు నెలలు ఎవరితోనూ మాట్లాడలేదు. డబ్బు పోయినందుకు కాదు. "ఎంతమంది పిల్లలకు లెక్కలు చెప్పానురా, నాకే లెక్క తెలియలేదు" అని ఒకటే మాట. పాత స్టూడెంట్లు ఫోన్ చేస్తే ఎత్తేది కాదు. కూతురు వచ్చి నెల రోజులు ఉండి వెళ్లింది. చీటీ ఆలోచన నాకు వచ్చినప్పుడు, కంప్యూటర్‌లో టైపు చేయిద్దాం అన్నాను. వద్దంది. "ముసలివాళ్లకు చేతిరాతే నమ్మకంగా ఉంటుంది, ఇలా ఇవ్వు" అని బోర్డు మీద రాసినట్టు గుండ్రని అక్షరాలతో తానే రాసింది. టిక్ గడి స్కేలు పెట్టి గీసింది. ఆ రోజు చాలా కాలానికి ఆమె టీ తనే పెట్టి ఇచ్చింది.

ఆ చీటీ జిరాక్స్ ఐదు వందలు తీయించాను. సోమవారం నుంచి విద్యానగర్, నల్లకుంట, బాగ్‌లింగంపల్లి, మల్కాజిగిరి వైపు బ్రాంచీలన్నీ ఒక్కొక్కటిగా తిరుగుతాను. మధ్యాహ్నం మూడు తర్వాత, మీకు రష్ తగ్గాక వస్తాను. పది నిమిషాలు చాలు. గేటు దగ్గర గార్డుకు చెప్పి ఉంచండి, తెల్ల చొక్కా, చేతిలో పసుపు ఫైలు. చీటీలు మీ పై ఆఫీసు ఒప్పుకోదంటే, పై ఆఫీసు అడ్రసు ఇవ్వండి, అక్కడికీ వెళతాను.

ఇట్లు,
ఒకప్పుడు మీ కౌంటర్‌లోనే కూర్చున్న ఒక రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి,
మల్కాజిగిరి, హైదరాబాద్